వేటమేడ కింద ఎండిన చెరువు

హిర్ష్‌వెర్డా
1990 మార్చి 11, ఆదివారం

తమ్ముడు ఎకార్ట్‌కి,

బతికే ఉన్నావా? బెర్లిన్ గోడ కూలి నాలుగు నెలలైంది. మా వీధిలో ప్రతి ఇంటికీ పశ్చిమం నుంచి ఎవరో ఒక మామయ్య, ఎవరో ఒక పిన్ని కారేసుకుని వచ్చి, కాఫీ పొట్లాలు దించి, మా మరుగుదొడ్లు చూసి ముక్కు మూసుకుని వెళ్ళారు. మా ఇంటికి మాత్రం ఎవరూ రాలేదు. పక్కింటావిడ "మీ తమ్ముడు బ్రేమెన్‌లోనే ఉన్నాడా, చంద్రుడి మీదకేమైనా మకాం మార్చాడా?" అని అడిగింది. ట్రాములు నడిపేవాడికి తీరిక ఎక్కడిదండీ అన్నాను. నీ పరువు నేనే కాపాడాల్సి వచ్చింది.

అసలు సంగతికి వస్తాను. సెప్టెంబరు ఆఖరున నాకు పదవీ విరమణ. దాదాపు ముప్పై ఏళ్ళు వేటమేడలో గైడుగా తిరుగుతూ చెప్పిందంతా ఒక చిన్న పుస్తకంగా రాసిపెట్టమని మా డైరెక్టరు అన్నాడు. అక్టోబరులో చేపల పండగనాటికి అమ్మకానికి పెడతారట. నలభై ఎనిమిది పేజీలు. అట్ట మీద రోస్విత లీబ్‌షర్ అని నా పేరు. నవ్వకు.

రాస్తుంటే నాకే కొత్తగా అనిపించింది. మొదట ఉన్నది చెరువే కదా. ఉపవాసాల రోజుల్లో మాంసం తినకూడదని మఠం సన్యాసులు బంగారుతీగ చేపలు పెంచుకున్న చెరువు. రెండు వందల ఏళ్ళ తర్వాత ప్రభువుగారు దుప్పి వేటకి వచ్చి, నీళ్ళు తాగుతున్న గుర్రం మీంచి తన నీడ చూసుకుని ముచ్చటపడి, ఇక్కడే మేడ కావాలన్నాడు. చెరువు నడుమ వేల ఓక్ దుంగలు దిగ్గొట్టి, వాటి మీద లంక పోయించి, నాలుగు మూలలా నాలుగు గుండ్రటి బురుజులతో పసుపూ తెలుపూ మేడ లేపించాడు. అందులో ఆయన ఉన్నది ఏడాదికి పదకొండు రోజులు. మిగతా రోజులన్నీ మనలాంటివాళ్ళు తుడుస్తూ ఉండేవాళ్ళు. వేటదేవత పేరు పెట్టిన డయానా హాలులో బంగారు పూత పెట్టిన తోలు తెరలు, పైన గోడల నిండా దుప్పి కొమ్ములు. మొదటిసారి వచ్చిన అతిథి కొమ్ముగిన్నెడు ద్రాక్షసారా గుక్క తిప్పుకోకుండా తాగాలి, తాగలేకపోతే వంటవాళ్ళతో కూర్చుని భోంచెయ్యాలి. నేనైతే సంతోషంగా వంటింట్లోకే వెళ్ళేదాన్ని.

ఇవన్నీ రాయగలిగాను. కానీ పొద్దున్న తొమ్మిది కాకముందు, జనం రాకముందు, గట్టు మీద నిలబడితే మేడ మొత్తం నీళ్ళలో తలకిందులుగా వణుకుతూ ఉంటుంది చూడు, అది రాయడం మాత్రం చేతకాలేదు. మూడుసార్లు రాసి మూడుసార్లు కొట్టేశాను.

ముప్పై ఒకటో పేజీలో నైరుతి బురుజు సంగతి వస్తుంది. ఇలా రాశాను: "1960 శరత్కాలంలో చెరువు పెద్దగా ఉన్న ఓస్వాల్డ్ లీబ్‌షర్, హెచ్చరించినా వినకుండా, చేపల కోసం చెరువును చలికాలమంతా ఎండబెట్టించాడు. ఎప్పుడూ నీళ్ళలోనే ఉండవలసిన దుంగలు గాలికి, మంచుకి దెబ్బతిన్నాయి. మరుసటి మే నెలలో బురుజు కుంగింది. డయానా హాలు గోడా, దాని మీది తెరా నిలువునా చీలాయి." మన నాన్నే కదా అని దాచలేదు. హెచ్చరించింది ఎవరో కూడా నీకు తెలుసు. ఆస్పత్రిలో, నవంబరులో, నేనే. అది విచారణ కమిటీ కాగితాల్లో ఉంది.

నాకు రెండు కావాలి. నాన్న తూము దగ్గర పెద్ద చేపని ఎత్తి పట్టుకున్న ఫొటో నువ్వు పట్టుకెళ్ళావు, అది పంపు. ఆ ఏడు చేపల పట్టు గురించి గుర్తున్నది రాయి. ఆ శనివారం నాన్న తడిచెక్క మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నప్పుడు పక్కనున్నది నువ్వే. నేను డ్రెస్డెన్‌లో చదువుకుంటున్నాను. మర్నాడే నువ్వూ చెప్పకుండా పశ్చిమానికి చెక్కేశావు.

మోకాలు ఎలా ఉంది?

మీ అక్క
రోస్విత


బ్రేమెన్
1990 ఏప్రిల్ 4

అక్కా,

నీ జాబు అందింది. మోకాలికి మళ్ళీ కత్తి పెట్టాలంటున్నారు. ట్రాము దిగి డిపోలో కుర్చీ ఉద్యోగానికి మారాను. కాబట్టి తీరిక లేదన్న నీ అబద్ధం ఇక చెల్లదు, ఇంకోటి చూసుకో. నీ మరదలు మార్గ్రెట్ నీకు స్వెటరు అల్లుతోంది. కొలత తెలియక నా ఒంటి మీద పెట్టి చూస్తోంది.

పుస్తకం రాస్తున్నావంటే నాకు నిజంగా గర్వంగా ఉంది. డిపోలో అందరికీ చెప్పాను. ఒకడు "వేటమేడ అంటే లోపల పులులుంటాయా?" అన్నాడు. ఇక్కడివాళ్ళకి మన చేపన్నా పడదు, బురద వాసనట. క్రిస్మస్‌కి నేనొక్కణ్ణే వెనిగర్‌లో వండుకుని, నేనొక్కణ్ణే తింటాను.

ఫొటో ఇందులోనే పెట్టాను. మూల కాస్త నలిగింది.

చేపల పట్టు అంటే నాకు చలే గుర్తొస్తుంది. రెండు వారాల ముందే తూము పలకలు ఒక్కొక్కటీ తీసేవాళ్ళం. నీళ్ళు రోజుకో జానెడు దిగేవి. శనివారం తెల్లారేసరికి చెరువంతా తూము దగ్గర ఒక గుంటలోకి వచ్చేది, అందులో చేపలు ఉడుకుతున్నట్టు కదిలేవి. రొమ్ముల దాకా రబ్బరు తొడుగులు వేసుకుని పద్దెనిమిది మంది వల చుట్టూ నిలబడేవాళ్ళం. గట్టు మీద బాజాలు, వేడి చారు, పిల్లల అరుపులు. నాన్న చెయ్యెత్తితే బాజా ఆగేది. "లాగండిరా!" అనేవాడు. ఆ ఒక్క రోజు మేడ కట్టించిన ప్రభువుకన్నా నాన్నే పెద్దవాడనిపించేది నాకు. ఆ తర్వాత చెక్క మీద జారాడు. స్ట్రెచర్ మీద కూడా చేపల తొట్ల లెక్క అడుగుతూనే ఉన్నాడు.

ఆదివారం గురించి రాయడానికేం లేదు. రైలెక్కాను.

ఒక మాట. ముప్పై ఒకటో పేజీలో నాన్న పేరు ఉండాలా? "ఆ చలికాలం చెరువు ఎండింది" అంటే సరిపోదా? ఎవరు ఎండబెట్టారో టిక్కెట్టు కొనుక్కున్నవాడికి ఎందుకు? ఆలోచించు.

నీ తమ్ముడు
ఎకార్ట్


హిర్ష్‌వెర్డా
1990 ఏప్రిల్ 22

ఎకార్ట్,

ఫొటో అందింది. ఇంతలా నవ్వే నాన్నని నేను మరిచేపోయాను. అందుకు థాంక్స్. మార్గ్రెట్‌కి కూడా. నేను నీకన్నా లావని ఆమెకి చెప్పు.

ఇక నీ సలహా. "చెరువు ఎండింది" అని రాయాలా? అదంతట అదే ఎండిందా? తూము పలకలు వాటంతట అవే పైకి లేచాయా? ముప్పై ఏళ్ళు పశ్చిమంలో ఉండి నీకు సొంత నాన్న పేరు చెప్పుకోవడం నామోషీ అయిపోయింది. నాకు కాలేదు. మేడ గురించి రాసే పుస్తకంలో ప్రభువుగారి అప్పులూ రాశాను, రాణిగారి ఏడుపులూ రాశాను, నాన్న తప్పు మాత్రం ఎందుకు వదలాలి? చెరువుని మేడవాళ్ళు అద్దం అనుకున్నారు, మనవాళ్ళు వంటిల్లు అనుకున్నారు. రెండు వందల ఏళ్ళుగా ఆ తగువు ఉంది. వేరే చెరువుల్ని నాలుగైదేళ్ళకోసారి చలికి ఎండబెట్టి రోగాలు చంపుకోవచ్చు. మేడ చెరువుని మాత్రం పట్టు అవగానే నింపెయ్యాలి. నాలుగు తరాలుగా మన ఇంట్లో ఉయ్యాల్లో పిల్లకి కూడా తెలిసిన సంగతి ఇది. అలాంటిది ఆయనే "నేనే చెప్పాను ఎండబెట్టమని" అని కమిటీ ముందు ఒప్పుకున్నాడు. నేను కల్పించానా?

నీకు తెలియనిది ఇంకోటుంది. ఉద్యోగం తీసేశాక ఆయన్ని ఎక్కడ పెట్టారో నీకు సరిగా రాయలేదు. మా మేడ గుమ్మంలో. సందర్శకుల బూట్ల మీద తొడుక్కునే ఉన్నిచెప్పులు ఉంటాయే, ఆ బుట్ట దగ్గర. పదకొండేళ్ళు అక్కడే కూర్చున్నాడు. వచ్చినవాళ్ళ పాదాలు చూసి సైజు చెప్పేవాడు, సాయంత్రం జతలు కలిపి పెట్టేవాడు. నేను ఆయన ముందు నుంచే జనాన్ని డయానా హాలులోకి తీసుకెళ్ళేదాన్ని. చీలిక దగ్గర ఆగి, ఇది ఎలా జరిగిందో చెప్పేదాన్ని. తలుపు తెరిచే ఉండేది. మరి చెప్పొద్దా? అది నా ఉద్యోగం.

ఆస్పత్రిలో నేను ఎంత స్పష్టంగా చెప్పాను! "నాన్నా, మేడ చెరువు ఎండిపోయి ఉంది, నింపించు" అన్నాను. "నా చెరువు సంగతి నాకు తెలుసు" అని అటు తిరిగి పడుకున్నాడు. ఆ మొండితనానికి నేనేం చెయ్యను?

ఆయన పోయినప్పుడు నువ్వు రాలేదు. దండ పంపావు. దండ మీద రిబ్బను చాలా ఖరీదైనదని ఊరంతా అనుకున్నారు. నేను ఇంతకుముందెప్పుడూ అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నాను. ఎందుకు రాలేదు?

రోస్విత


బ్రేమెన్
1990 మే 15

అక్కా,

అనుమతి దొరకలేదని అప్పుడు రాశాను. నిజానికి నేను దరఖాస్తు పెట్టలేదు. ఫారం తెచ్చుకుని బల్ల సొరుగులో పెట్టాను. అంతే.

నీ జాబు మూడుసార్లు చదివాను. ఉన్నిచెప్పుల సంగతి నాకు నిజంగా తెలియదు. నువ్వు రాయాల్సింది. కాదులే, రాయకపోవడమే మంచిదైంది.

ఆస్పత్రిలో నాన్నతో చెరువు గురించి మాట్లాడానని రాశావు. ఆయన ఆ మాట అన్నాడనీ రాశావు. అక్కా, అది జరగలేదు. జరిగి ఉండదని నాకు తెలుసు, నాకు తెలుసన్న సంగతి నీకూ తెలుసు. మరి ఎందుకీ డొంకతిరుగుడు? చిన్నప్పుడు జామ్ సీసా నేనే ఖాళీ చేశానని తెలిసి కూడా "ఎలకలు ఎక్కువయ్యాయమ్మా" అని నా ముందే అమ్మతో అనేదానివి, నేను ఏడ్చేదాకా. ఇప్పుడూ అదే ఆట ఆడుతున్నావా? నాకు యాభై ఏళ్ళు. అనాలనుకున్నది నేరుగా అను. నేను కాదనను.

పుస్తకం అచ్చుకి ఇవ్వకు, నా జాబు వచ్చేదాకా.

ఎకార్ట్


హిర్ష్‌వెర్డా
1990 జూన్ 2

ఎకార్ట్ లీబ్‌షర్ గారికి,

"అది జరగలేదు" అట! ఎంత ధైర్యం! జరిగిందో లేదో నువ్వు చూశావా? ఆ నవంబరులో నువ్వు బ్రేమెన్‌లో, మాకు దొరకని అరటిపళ్ళు తింటున్నావు. ఇక్కడ నీ పుణ్యాన పోలీసులు నా గదికి వచ్చి, నా పుస్తకాలు తిరగేసి, "మీ తమ్ముడు పోతున్నాడని మీకు ముందే తెలుసా?" అని నాలుగు గంటలు కూర్చోబెట్టారు. నన్ను చదువులోంచి తీసేస్తారనుకున్నాను. తీసెయ్యలేదు, ఎందుకో ఇప్పటికీ తెలియదు. అలాంటి నన్ను ఇప్పుడు నువ్వు అబద్ధాలకోరు అంటున్నావు, అదీ తీరిగ్గా డిపో కుర్చీలో కూర్చుని.

నాన్న నీకేమైనా రాశాడా? నా గురించి? ఆ ఆస్పత్రి గురించి? రాసి ఉంటే ఆ కాగితం పంపు, నా కళ్ళతో చూడాలి. ఏదో దాచుకుని సగం సగం అనకు.

నా మాట కమిటీ రికార్డులో ఉంది. తేదీతో, సంతకంతో. నాన్న కూడా అవునన్నాడు. అంతకన్నా ఏం కావాలి?

పుస్తకం అచ్చాఫీసుకి ఇచ్చేశాను. ఆగస్టు ఆఖరుకి వేస్తామన్నారు. ముప్పై ఒకటో పేజీలో ఒక్క అక్షరం మారదు. స్వెటరు అల్లడం ఆపమను. ఇక్కడ ఎండలు మొదలయ్యాయి.

రోస్విత


బ్రేమెన్
1990 జూలై 9, సోమవారం

అక్కా,

నిన్న మనవాళ్ళు ఫుట్‌బాల్ కప్పు గెలిచారు. ఊరంతా ఇంకా హారన్లు మోగిస్తున్నారు. "మనవాళ్ళు" అని రాశాక గుర్తొచ్చింది, రెండు దేశాలూ కలిసిపోతే ఇక నీకూ వాళ్ళు మనవాళ్ళేనట. నేను ఆట చూడలేదు. మార్గ్రెట్‌ని చూడమని, నేను వంటింట్లో కూర్చుని ఈ జాబు మొదలుపెట్టాను. నాలుగు కాగితాలు చింపాను. ఇది ఐదోది, ఇవాళ పొద్దున్న రాస్తున్నాను.

నీకు తెలియదు. నీ కోపం చూశాక అర్థమైంది, నీకు నిజంగా తెలియదు. నువ్వు నన్ను పొడుస్తున్నావని నేననుకున్నాను. నేను నిన్ను అబద్ధాలకోరు అంటున్నానని నువ్వనుకున్నావు. కాబట్టి చెబుతున్నాను.

స్ట్రెచర్ మీద నాన్న నా చెయ్యి పట్టుకుని అన్నాడు: "సోమవారం పొద్దున్న పలకలు వేయించు. నవంబరులో మార్టిన్ పండగకల్లా నీళ్ళు రెండో మెట్టుకి రావాలి." నేను సరే అన్నాను. నా టిక్కెట్టు అప్పటికే కోటు జేబులో ఉంది. నాలుగు తరాల తర్వాత ఐదోవాణ్ణి నేనే కావాలని నాన్న కోరిక. బురద వాసన రాని చొక్కా వేసుకోవాలని నా కోరిక. అంతకుమించి పెద్ద కారణం ఏదీ లేదు, ఉంటే బాగుండేది.

ఆదివారం మధ్యాహ్నం నాన్న కింద పనిచేసే ఎర్విన్ గట్టు మీద వలలు ఆరేస్తున్నాడు. నన్ను చూసి అడిగాడు: "ఒరేయ్ అబ్బాయ్, రేపు ఆరింటికి మనుషుల్ని రమ్మననా? పలకలు వేసేద్దామా?" ఆరింటికి అందరూ తూము దగ్గరకి వస్తే, నేను లేనని ఆరుంపావుకి తెలిసిపోతుంది. ఏడింటికి పోలీసులకి తెలుస్తుంది. బెర్లిన్‌లో సరిహద్దు దాటేదాకా నాకు ఒక్క రోజు కావాలి. అందుకని అన్నాను: "వద్దు. ఈ ఏడు చలికి ఎండబెట్టమన్నాడు నాన్న. రేపు ఎవరూ రానక్కర్లేదు." ఎర్విన్ నమ్మలేనట్టు చూశాడు. "మేడ చెరువునా?" అన్నాడు. "నాన్న మాట, నాదేముంది" అన్నాను. చెరువు పెద్ద మాటకి ఎదురు చెప్పే అలవాటు అక్కడెవరికీ లేదు కదా. "సరే, ఆయనకి తెలియదా" అని వలలు మడతపెట్టుకున్నాడు.

దాటగానే నాన్నకి కార్డు రాద్దామనుకున్నాను. రాస్తే ముందు పోలీసులు చదువుతారు, అప్పుడు మిమ్మల్ని పట్టుకుంటారనిపించింది. రేపు రాద్దామనుకున్నాను. వారం గడిచాక, ఎవరో ఒకరు చూసుకుని ఉంటారులే అనుకున్నాను. ఆయనకి ఆస్పత్రిలో ఎవరూ చెప్పి ఉండరు. ఆయన ఆజ్ఞే అనుకున్నవాళ్ళు ఆయనకే ఎందుకు చెబుతారు? క్రిస్మస్‌కి ఇంటికి వచ్చేసరికి వాగులు గడ్డకట్టి ఉంటాయి, నింపాలన్నా నీళ్ళుండవు.

బురుజు కుంగిందనీ, నాన్న తన తప్పు ఒప్పుకున్నాడనీ రెండేళ్ళ తర్వాత నువ్వు రాసినప్పుడు ఈ బల్ల దగ్గరే చదివాను. ఎర్విన్ కమిటీకి "వాళ్ళబ్బాయి వచ్చి చెప్పాడు, పెద్దాయన మాటని" అని చెప్పి ఉంటాడు. కాదనడానికి నాన్నకి ఒక్క మాట చాలు. ఆ మాట అని ఉంటే నా మీద విద్రోహం కేసు, ఇక జన్మలో ఆ గడ్డ తొక్కలేను. నీ ఉద్యోగం కూడా పోయేది. ఆయన అనలేదు.

ఆయన ఏటా కొత్త సంవత్సరానికి నాకో కార్డు పంపేవాడు. పన్నెండు కార్డులున్నాయి. అన్నిట్లోనూ ఒకటే మాట: "బాగున్నాను. చెరువు నిండుగా ఉంది." అది క్షమించడమో, గుర్తుచెయ్యడమో నాకు ఇప్పటికీ తెలియదు. జవాబులో నేను ఇక్కడి వాతావరణం గురించి రాసేవాణ్ణి. ఎంత పిరికివాణ్ణో చూడు.

ముప్పై ఒకటో పేజీలో నా పేరు వెయ్యి. ఎకార్ట్ లీబ్‌షర్, కొడుకు. అచ్చయిపోయి ఉంటే మళ్ళీ వేయించు, ఖర్చు నాది.

ఒక్కటే నాకు అంతుపట్టడం లేదు, తప్పు పట్టడానికి అడగడం లేదు. నువ్వు నిజంగా ఆస్పత్రిలో "చెరువు ఎండిపోయి ఉంది" అని ఉంటే, నాన్న తుంటి విరిగినా పాక్కుంటూ వచ్చి పలకలు వేయించేవాడు. మరి నువ్వేం చెప్పావు? ఆయనేం విన్నాడు?

ఎకార్ట్


బ్రేమెన్
1990 ఆగస్టు 6

అక్కా,

నాలుగు వారాలైంది. తిట్టు, పరవాలేదు. తిడుతూ ఒక కార్డు ముక్క రాసినా చాలు. అచ్చాఫీసు పేరు తెలిస్తే నేనే ఫోను చేసేవాణ్ణి. రోజూ డిపో నుంచి వస్తూ పెట్టె చూస్తున్నాను. మార్గ్రెట్‌కి అంతా చెప్పాను. ఆమె స్వెటరు పూర్తి చేసింది.

ఎకార్ట్


హిర్ష్‌వెర్డా
1990 ఆగస్టు 26, ఆదివారం

ఎకార్టూ,

కోపం రాలేదంటే అబద్ధం. నీ జాబు చదివి రెండు రోజులు ఇంట్లో ఒంటరిగా నిన్ను పైకే తిట్టాను. పక్కింటావిడ తలుపు తట్టి, ఎవరొచ్చారని అడిగింది. మూడో రోజు బస్సెక్కి వృద్ధాశ్రమంలో ఎర్విన్ దగ్గరకి వెళ్ళాను. ఎనభై రెండేళ్ళు, చెవులు బొత్తిగా వినిపించవు. చెవిలో అరిచి అడిగాను. అతనేమన్నాడో చెబుతాను: "కమిటీలో నేను ఉన్నది ఉన్నట్టు చెప్పానమ్మా, అబ్బాయి వచ్చి చెప్పాడని. మీ నాన్న నా వంక తిరిగి చూశాడు. ఎంతసేపు చూశాడో! తర్వాత వాళ్ళ వంక తిరిగి, అవును, నేనే చెప్పించాను అన్నాడు. అప్పట్నుంచీ నాకు అనుమానమే. ఆయన అడగనీలేదు." బయటికి వచ్చి బస్టాపులో ఏడ్చాను. జనం చూస్తున్నారని కూడా ఆగలేదు.

అప్పటికి నీ మీద కోపం మొత్తం నాకు అండగానే ఉంది. ఇంటికి వచ్చి నీ జాబు మళ్ళీ తీశాను. ఆ ఆఖరి ప్రశ్న దగ్గర ఆగిపోయాను. ఇన్ని వారాలు జవాబు రాయనిది నీ వల్ల కాదు, ఆ ప్రశ్న వల్ల.

ఏమీ చెప్పలేదురా. నేను ఆయనకి ఏమీ చెప్పలేదు.

నవంబరులో డ్రెస్డెన్ ఆస్పత్రికి ఒక్కసారే వెళ్ళాను. పావుగంట కూర్చున్నాను. నువ్వు పోయి నా చదువు పాడుచేశావని, నిన్ను అలా పెంచింది ఆయనేనని, అదే మాట్లాడాను. చెరువు మాటే రాలేదు. వస్తే ఏం చెప్పేదాన్ని? అది ఎండిపోయి ఉందని నాకే తెలియదు, నేను హిర్ష్‌వెర్డాకి రానేలేదు. జనవరిలో మేడలో ఉద్యోగానికి చేరాక రోజూ కిటికీలోంచి ఆ బురదమంచు చూశాను. వింతగా ఉంది, బాగుంది కూడా అనుకుని నేల తుడుచుకున్నాను. ఉయ్యాల్లో పిల్లకి కూడా తెలుసని నీకు గొప్పగా రాశానే, నాకు తట్టనేలేదు.

బురుజు కుంగాక అప్పటి డైరెక్టరు ఒక్కొక్కరినీ పిలిచి అడిగాడు: "మీరు చెరువు పెద్ద కూతురు. ఎండిన చెరువుని రోజూ చూశారు. ఎందుకు చెప్పలేదు?" తమ్ముడు పారిపోయిన ఇంటిదాన్ని, చేరి ఐదు నెలలైంది. నోటికొచ్చింది అనేశాను: "చెప్పాను, నవంబరులోనే, ఆస్పత్రిలో, ఆయన వినలేదు." రాసి ఇవ్వమన్నారు. రాసి ఇచ్చాను. తర్వాత కమిటీలో నాన్నని అడిగారట, మీ అమ్మాయి మిమ్మల్ని హెచ్చరించిందా అని. ఆయన కాదనొచ్చు. నన్ను అక్కడే పట్టించొచ్చు. "అవును, హెచ్చరించింది. దానికి మేడంటే ప్రాణం. నేనే వినలేదు" అన్నాడని డైరెక్టరే నాకు చదివి వినిపించాడు, మెచ్చుకుంటున్నట్టు.

ఆ రోజు ఇంటికి వెళ్ళి ఆయన ముఖం చూడలేకపోయాను. చూడలేక కోపం తెచ్చుకున్నాను. కోపంగా ఉంటే చూడనక్కర్లేదు కదా. అది అలవాటైపోయింది. చెప్పగా చెప్పగా ఆస్పత్రి మంచమూ, ఆయన అటు తిరిగి పడుకోవడమూ నా కళ్ళకి కట్టాయి. నీకు ఏప్రిల్‌లో రాసినప్పుడు అది నిజమనే రాశాను, నమ్ము. నీ మే నెల జాబులో "అది జరగలేదు" అన్న మాట చూడగానే జాబు మడిచి పక్కన పడేశాను. అప్పుడే తెలిసింది నాకు, అది కల్పనేనని ఎక్కడో లోపల తెలుస్తూనే ఉందని. అందుకే అంత అరిచాను.

పదకొండేళ్ళు, వారానికి ఇరవైసార్లు, తలుపు తెరిచి ఉండగా, ఆయన వింటూ ఉండగా, జనానికి అదే చెప్పాను. "హెచ్చరించినా వినకుండా" అని నొక్కి మరీ చెప్పేదాన్ని. నేను హాల్లోంచి బయటికి వచ్చేసరికి ఆయన జతలు వెతుకుతూ వంగి ఉండేవాడు. ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. ఆయనకి సిగ్గని అనుకునేదాన్ని. నాకు సిగ్గు వెయ్యకూడదని తల ఎత్తలేదేమో. ఇప్పుడెవర్ని అడగను?

నువ్వు ఆయన పేరు పెట్టి ఒక అబద్ధం చెప్పి వెళ్ళావు. నేను ఆయన మీద ఒక అబద్ధం రాసి ఇచ్చాను. మనిద్దరం ఒకరికొకరం తెలియకుండా, అటొకరూ ఇటొకరూ. ఆయన రెండింటినీ ఒక్క పూటలో ఒప్పుకుని ఇంటికి నడిచి వచ్చాడు, ఆ తుంటితో.

అచ్చాఫీసుకి వెళ్ళి ఆపించాను. మిగతా పేజీలన్నీ అయిపోయాయి. ముప్పై ఒకటి ఉన్న కాగితం ఒక్కటే సెప్టెంబరు పదిహేను దాకా ఆపుతామన్నారు. నీ పేరొక్కటే వెయ్యమన్నావు. అది కుదరదు. కొత్తగా ఇలా రాశాను:

"1960 శరత్కాలంలో చెరువు పెద్ద ఓస్వాల్డ్ లీబ్‌షర్ ఆస్పత్రిలో ఉండగా, చెరువును ఎండబెట్టమన్నాడని ఆయన కొడుకు పనివాళ్ళకి అబద్ధం చెప్పాడు. తండ్రిని ముందే హెచ్చరించానని ఆయన కూతురు కమిటీకి అబద్ధం రాసి ఇచ్చింది. అడిగినప్పుడు ఆయన రెండూ నిజమేనన్నాడు."

సొంతవాళ్ళ మీద ఇలాంటిది అచ్చు వెయ్యాలంటే ఆ సొంతవాళ్ళ సంతకాలు కావాలన్నాడు డైరెక్టరు. కింద నా సంతకం పెట్టాను. పక్కన నీకు చోటు వదిలాను. ఆ కాగితం నేను పోస్టులో పంపను. వచ్చి పెట్టు.

అక్క